వస్త్రకళా ప్రయోగం – చారిత్రక పరిణామం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పరిశీలన

వ్యాససంగ్రహం:
వస్త్ర నిర్మాణ పద్ధతులతో ప్రయోగం చేయడం నేడు కళా, డిజైన్ విద్యలలో ఒక పాఠ్యాంశం. విద్యాలయాలు ఏర్పడక ముందే ఆ ప్రయోగం నేతింట్లో, తండాలో, అడవి అంచున జరిగింది. నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలతో ముడిపడిన మూడు వస్త్ర సంప్రదాయాల ఆధారంగా, ప్రయోగ భారం ఎవరు మోశారో, దాని ఫలితం ఎవరికి దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చేర్యాల నకాషీ, లంబాడీ కుట్టుపని, దసలి పట్టు, ఆసు, డిజైన్ విద్య.

1. ఉపోద్ఘాతం:
జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని స్వస్థలంగా ప్రసిద్ధం. ఆయన ద్విపద రచనలో వెంజావళి, మణిపట్టు వంటి వస్త్ర విశేషాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. కాకతీయుల కాలంలో ఎన్ని రకాల బట్టలు వాడుకలో ఉండేవో ఈ పట్టికను బట్టి ఊహించవచ్చు. అయితే వాటిని నేసిన పద్ధతిని చెప్పడం కవి ఉద్దేశం కాదు. ఆ పద్ధతి గ్రంథస్థం కాలేదు. పెద్దల చేతి నుండి పిల్లల చేతికి ఇంటివిద్యగా అందింది. కాబట్టి వస్త్రకళా ప్రయోగ చరిత్రను తెలుసుకోవడానికి గ్రంథాలతోపాటు గుడ్డను, దారాన్ని కూడా ఆధారాలుగా చదవవలసి ఉంటుంది.

2. గుడ్డను పటంగా మార్చిన విద్య:
చేర్యాల పూర్వం జనగామతోపాటు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఇక్కడి నకాషీ చిత్రకారులు కథాగాయకుల కోసం కులపురాణాలను పొడవైన గుడ్డలపై చిత్రించేవారు. పద్మశాలీలకు వారి పురాణాన్ని పటం చూపి చెప్పే కూనపులివారు అటువంటి కథకులే. నేతగాళ్ల కథకు నేతగుడ్డే రంగస్థలం కావడం ఇందులోని విశేషం.

పటానికి ఖాదీ గుడ్డ ఆధారం. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, చెట్టు జిగురులతో చేసిన పూతను దానిపై పొరలుగా పట్టిస్తారు. పూత మందమైతే పటం చుట్టినప్పుడు పగులుతుంది. పలుచనైతే రంగు నూలులోకి ఇంకిపోతుంది. ఊరూరా తిరిగే పటం ఈ రెండు ప్రమాదాలనూ తట్టుకోవాలి. ఈ పాళ్లు తరతరాల పరీక్ష వల్ల స్థిరపడినవే. సినిమా, టెలివిజన్ల రాకతో కథాగాయకుల ఆదరణ తగ్గినప్పుడు నకాషీలు చిన్న పటాలకు, ముఖపు బొమ్మలకు మళ్లారు. ఇది బతుకుతెరువు కోసం చేసిన ప్రయోగం.

3. రైలు దారి, తండా కుట్టు:
మానుకోట అనే పాతపేరు గల మహబూబాబాద్ ప్రాంతంలో లంబాడీ తండాలు అధికం. లంబాడీలు ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోసిన సంచార వర్తకులు. నిజాం రాష్ట్ర రైలుమార్గం జనగామ, మహబూబాబాద్‌ల మీదుగా 1889లో బెజవాడకు చేరింది. పెరిక ఎద్దుల వర్తకం అంతటా రైలు ముందు నిలవలేకపోయింది.

లంబాడీ స్త్రీల పేటియా, కాంచళిలపై కనిపించే కుట్టుపనికి ఈ సంచార జీవితమే నేపథ్యం. గుడ్డ పీలికలను పొరలుగా చేర్చి కుట్టడం వల్ల వస్త్రం గట్టిపడి ఎక్కువకాలం మన్నుతుంది. అద్దానికి రంధ్రం చేయరు. చుట్టూ వేసే కుట్లే దాన్ని పట్టి ఉంచుతాయి. గవ్వలు, నాణేలు, పూసలు సంత నుండి, ప్రయాణం నుండి సేకరించినవి. మిల్లుగుడ్డ, రసాయన రంగుల దారం అందుబాటులోకి రాగానే స్త్రీలు వాటినీ ఈ కుట్టులోకి తెచ్చుకున్నారు. కాబట్టి దీనిని మార్పులేని ప్రాచీన కళగా వర్ణించడం చరిత్రకు పొసగదు.

4. అడవి దారం:
భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్ దసలి పట్టుకు పేరుపొందింది. మల్బరీ పట్టుపురుగును ఇంటిలో పెంచుతారు. దసలి పురుగు మాత్రం అడవిలో మద్దిచెట్ల ఆకు తిని పెరుగుతుంది. పక్షుల నుండి, చీమల నుండి దాన్ని కాపాడడం పెంపకందారుల పని. గట్టి గూటిని క్షారజలంలో ఉడికించి మెత్తబరచిన తరువాతే పోగు వస్తుంది. పోగును తొడపై నులిమి తీసే శ్రమ పద్ధతి దేశంలోని దసలి ప్రాంతాలలో చాలాకాలం సాగింది.

దసలికి తేనెరంగు సహజం. పోగు మందం అంతటా ఒకేలా ఉండదు. రంగులో ముంచితే మల్బరీ పట్టు వలె సమంగా అంటదు. ఈ అసమానతను డిజైన్ విద్యార్థి సౌందర్యంగా చూడవచ్చు. అదే గుడ్డను వ్యాపారి లోపమని తిప్పి పంపితే నష్టపోయేది నేతగాడు. ఈ రెండు తీర్పుల మధ్య తేడా రుచికి సంబంధించినది మాత్రమే కాదు. నష్టం ఎవరు భరిస్తారన్నది దాని మూలం.

5. ఇంటి ప్రయోగం – ఆసు యంత్రం:
జనగామకు పొరుగున ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఉదాహరణ ఇక్కడ ముఖ్యమైనది. చిటికి చీరల నేతలో దారానికి రంగు కట్టే ముందు ఆసు పోయాలి. అందుకోసం ఒక్కో చీరకు చేతిని వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలి. తల్లి పడే భుజం నొప్పిని చూసిన మల్లేశం 1992లో యంత్ర నిర్మాణానికి పూనుకొని, 1999లో పూర్తి చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. ఆ ఏడేళ్ల విఫల యత్నాలకు ఏ విద్యాసంస్థా ఖర్చు పెట్టలేదు. ఆ భారం కుటుంబమే మోసింది.

6. విద్యాలయంలో ప్రయోగం:
విఫలమయ్యే స్వేచ్ఛను పాఠంగా మార్చిన సంస్థలలో 1919లో జర్మనీలో ప్రారంభమైన బౌహౌస్ ప్రసిద్ధమైనది. అక్కడి నేత కార్యశాలలో చదివిన ఆనీ ఆల్బర్స్ ధ్వనిని పీల్చుకొని కాంతిని ప్రతిఫలించే గుడ్డ కోసం సెలోఫేన్‌ను నేతలో వాడి, 1930లో పట్టా పొందారు. భారతదేశంలో 1956 నుండి నేతకారుల సేవాకేంద్రాలు చిత్రకారులను మగ్గం దగ్గరకు తెచ్చాయి. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ బొంబాయి కేంద్రంలో పనిచేశారు. అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ 1961లో, హైదరాబాద్‌లో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 1995లో ఏర్పడ్డాయి.

ఈ క్రమంలో ప్రయోగానికి కొత్త స్థానం దొరికింది. విద్యార్థి చెడగొట్టిన నమూనా అతని అభ్యాస పుస్తకంలో చేరుతుంది, మార్కులు కూడా తెస్తుంది. నేతగాడు చెడగొట్టిన గుడ్డ ఆ వారం కూలిని మింగుతుంది. విద్యార్థి ప్రయోగం పత్రరూపంలో పేరుతో నిలుస్తుంది. పూతపాళ్లు చెప్పిన నకాషీ, కుట్టు నేర్పిన తండా స్త్రీ చాలా సందర్భాలలో ‘స్థానిక కళాకారులు’ అనే సామూహిక నామంలో కలిసిపోతారు.

7. ముగింపు:
పై మూడు సంప్రదాయాలూ ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. చింతగింజల పూత, అద్దం చుట్టూ వేసే కుట్టు, దసలి గూటిని ఉడికించే పాకం అన్నీ ఒకప్పటి ప్రయోగాలే. అవి ఫలించాక సంప్రదాయమనే పేరు పొందాయి. అందువల్ల డిజైన్ విద్యార్థి సంప్రదాయానికి బయట నిలిచి ప్రయోగం చేస్తున్నవాడు కాదు, సుదీర్ఘ ప్రయోగ పరంపరలో తాజాగా చేరినవాడు. ఆ పరంపరలో న్యాయంగా నిలవాలంటే పద్ధతి నేర్పినవారి పేరును, ఊరును నమోదు చేయాలి. ప్రయోగంలో చెడిన గుడ్డకు కూడా నేతగాడికి కూలి ముట్టాలి. సోమనాథుని పట్టికలో వస్త్రాల పేర్లు మిగిలాయి. నేటి అధ్యయనాలలో నేసినవారి పేర్లు కూడా మిగలడం అవసరం.