కత్తిరింపులో పోయిన చే

1960 మార్చి 5. అంతకు ముందురోజే హవానా రేవులో ఆయుధాలు దించుతున్న లా కూబ్ర్ ఓడ పేలిపోయింది. సంతాపసభలో ఫోటోగ్రాఫర్ ఆల్బెర్టో కోర్డా కెమెరాకు క్యూబా విప్లవ నాయకుడు చే గువేరా రెండుసార్లు చిక్కాడు. ఫ్రేములో ఒక పక్క మరో మనిషి ముఖం, ఇంకో పక్క తాటి మట్టలు. ఆ రెండింటినీ కోర్డా కత్తిరించేశాడు. అయినా అతను పనిచేసే పత్రిక వాళ్లు అప్పుడు ఆ ఫోటో వేయలేదు. ఏళ్ల తరబడి స్టూడియో గోడకు వేలాడింది.

1967లో బొలీవియాలో చేని కాల్చి చంపాక బొమ్మకు రెక్కలొచ్చాయి. మరుసటేడు ఐర్లాండ్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ ఎరుపు, నలుపుల్లోకి దించాడు. మన కాలేజీ కుర్రాళ్ల టీషర్టుల మీద కనిపించేది దాదాపు ఆ బొమ్మే.

అందులో లేనిది చాలా ఉంది. 1959లో లా కబానా కోట కమాండరుగా విప్లవ కోర్టుల మరణశిక్షలను ఖరారు చేసింది ఇతనే. 1964లో ఐక్యరాజ్యసమితిలోనూ ఆ శిక్షలను దాచలేదు, సమర్థించుకున్నాడు. క్యూబా నేషనల్ బ్యాంకు అధ్యక్షుడై కరెన్సీ నోట్ల మీద ‘చే’ అని సంతకం గిలికాడు. 1965లో కాంగోకు పోరాటానికి వెళ్లి, ఓడి వెనుదిరిగాడు.

అలాగని ‘హంతకుడు’ అనే ఒక్క మాటతో తేల్చేయడమూ కత్తిరింపే. మరణశిక్షలను ఖరారు చేసిన చేయే సెలవురోజుల్లో చెరకూ నరికింది.

కోర్డా రాయల్టీ అడగలేదు. 2000లో వోడ్కా ప్రకటనలో ఆ ముఖం కనిపించేసరికి మాత్రం కోర్టుకెక్కాడు. రాజీలో వచ్చిన 50,000 డాలర్లను క్యూబా పిల్లల మందులకు ఇచ్చేశాడు.