మసూడాల ఖూన్: ఎంతవరకు నమ్మదగ్గ గవాహీ?

మన ఇళ్లలో మిస్వాక్‌కో బ్రష్‌కో కాస్త ఖూన్ అంటితే రెండు మాటలు వినపడతాయి. పెద్దవాళ్లు "వేడి చేసింది" అంటారు. మిగతావాళ్లు "నాలుగు రోజులు తోమకు" అంటారు. ఇవి విని విని నాకు ఒక సవాల్ పుట్టింది: చిగుళ్ల నెత్తురును హకీములు, డాక్టర్లు దేని అలామత్‌గా చదువుతూ వచ్చారు? దాని తారీఖ్ దిల్‌చస్ప్‌గానే ఉంది.

సముద్రం మీద తిరిగే యూరప్ నావికులకు అది స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ సాలిస్‌బరీ ఓడలో 12 మంది మరీజులను జంటలుగా విడదీసి ఆరు రకాల ఇలాజ్ ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట అందరికంటే ముందు లేచి తిరిగింది. అంటే అక్కడ కసూర్ ఖానాది, నోటిది కాదు. ఇవాళ ఖూన్ కనపడగానే విటమిన్ సి గోలీల కోసం పరిగెత్తడం ఆ నావికుల విరాసతే అనిపిస్తుంది నాకు.

లిండ్‌కి ఏడు శతాబ్దాలకు పైగా ముందే ఖుర్తుబా దగ్గర అల్-జహ్రావీ సాహెబ్ 'అత్-తస్రీఫ్'లో అసలు దుష్మన్‌ని పట్టుకున్నారు. పళ్లకు పట్టిన గార వల్ల చిగుళ్లు చెడతాయని, దాన్ని గీకి తీయాలని రాసి, గీకే ఔజార్ల బొమ్మలు కూడా వేశారు.

దీనికి పక్కా సబూత్ 1965లో దొరికింది. డెన్మార్క్‌లో హెరాల్డ్ లో, ఆయన సాథీలు చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోమడం పూర్తిగా ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. "నాలుగు రోజులు తోమకు" అనే సలహా ఎంత ఉల్టానో ఇక్కడే తేలిపోయింది. 1971లో మ్యూలెమాన్, సోన్ ఇంకో ముందడుగు వేశారు: చిగురు ఎర్రబడకముందే, సన్నటి ప్రోబ్ తాకితే నెత్తురు రావడమే మొదటి అలామత్ అన్నారు.

మరి ఖూన్ వచ్చిన ప్రతి పన్నూ ఊడుతుందా? లేదు. లో శ్రీలంక టీ తోటల్లో 480 మంది మజ్దూర్లను 1970 నుంచి గమనించారు. వాళ్లకు బ్రష్ లేదు, డాక్టర్ లేడు, అందరి చిగుళ్లూ వాచి ఉన్నాయి. అయినా 11 శాతం మందికి జబ్బు చిగుళ్లు దాటి లోపలికి పోలేదు. 8 శాతం మందికి మాత్రం తేజ్‌గా ముదిరింది.

నిక్లాస్ లాంగ్ హిసాబ్ ఈ ఉల్‌ఝన్‌ని విప్పింది. 1986లో ఆయన చెప్పిందేమంటే, వరసగా నాలుగుసార్లు చెకప్‌లో నెత్తురు వచ్చిన చోట కూడా పంటి పట్టు సడలే అవకాశం 30 శాతమే. 1990లో ఇంకో మాట తేల్చారు: నెత్తురు రాని చోట పంటి పట్టు నిలకడగా ఉందని సుమారు 98 శాతం యకీన్‌తో చెప్పొచ్చు. అంటే ఈ గవాహ్ "ఖతరా ఉంది" అంటే అంతగా నమ్మలేం, "ఖైరియత్" అంటే నమ్మొచ్చు. మామూలు గవాహ్‌లకు ఉల్టా! ఒక షరతు ఉంది, చెయ్యి తేలిగ్గా ఉండాలి. 25 గ్రాముల బరువును మించి నొక్కితే తందురుస్త్ చిగురు కూడా నెత్తురు కారుస్తుంది. ఆస్పిరిన్ వాడేవాళ్లకూ, హమ్ల్‌తో ఉన్న ఆడవాళ్లకూ మామూలు కంటే ఎక్కువగా రావచ్చు.

నాకు ఎక్కువ ఫికర్ అనిపించేది పొగతాగేవాళ్ల సంగతి. వాళ్లకు లోపల ఎముక తరుగుతున్నా చిగుళ్ల నుంచి నెత్తురు తక్కువ వస్తుంది. పైకి సబ్ ఠీక్, "ఖైరియత్" అనే గవాహీ వాళ్ల విషయంలో అంత పక్కా కాదు. అందుకే డాక్టర్ "బీడీ, సిగరెట్ అలవాటుందా?" అని అడిగితే అబ్బాజాన్ పక్కనున్నా దాచకండి. పైగా 2003లో అచ్చయిన ఒక తహ్‌కీక్‌లో, సిగరెట్ మానేసిన వాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల్లో నెత్తురొచ్చే చోట్లు 16 శాతం నుంచి 32 శాతానికి పెరిగాయి, వాళ్లు ఇంతకుముందు కంటే బాగా తోముతున్నా సరే. మానినందుకే జబ్బు వచ్చిందని భయపడి మళ్లీ డబ్బీ తెరిచే భాయీలకు ఈ ఒక్క సంగతి చేరితే చాలు.