హార్స్‌పవర్ ఒక్కటే చాలదు: భారీ బరువులు లాగిన లారీల కథ

మన సంఘం ప్రత్యేక సంచికలో పే రివిజన్ గురించి, కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టాను. భారీ బరువులు లాగే లారీకి ఇంజను ఎంత ఉండాలి, వెనుక ఇరుసులో గేరు ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు గత నూరేళ్ళలో మనుషులు ఎలా సమాధానం వెతుక్కున్నారో రాస్తున్నాను. మెకానిక్కుల గొడవ మనకెందుకని పుట తిప్పేయవద్దని మనవి. ఇందులో డ్రైవర్ల, క్లీనర్ల ప్రాణాలున్నాయి, ఒక ఉద్యోగి జీతం కోత కూడా ఉంది.

ముందు హార్స్‌పవర్ సంగతి. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తితే అది ఒక హార్స్‌పవర్. ఇందులో "ఒక సెకనులో" అన్న మాటను చాలామంది గమనించరు. అంటే హార్స్‌పవర్ చెప్పేది ఎంత బరువు కదులుతుందని కాదు, ఎంత త్వరగా కదులుతుందని. బరువును కదిలించే పని గేరుది. పలుగుతో బండరాయిని కదిపేవాడికి ఇది పుస్తకం లేకుండానే తెలుసు. పలుగు ఎంత పొడుగైతే చెయ్యి అంత దూరం కదలాలి, రాయి మాత్రం బెత్తెడే జరుగుతుంది, అయినా జరుగుతుంది. గేరు అంటే ఉక్కుతో చేసిన గుండ్రటి పలుగు.

లారీలో ఆఖరి పలుగు వెనుక ఇరుసులో ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పళ్ళచక్రం పినియన్, దానితో తిరిగే పెద్దది క్రౌన్. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 7 పళ్ళు ఉంటే షాఫ్టు 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పినియన్‌కు 6 పళ్ళే ఉంటే 6.83 చుట్లు కావాలి. ఒక్క పన్ను తేడా! కానీ ఆ ఒక్క పన్నుతో, అదే ఇంజనుతో, బండి ఆరోవంతు ఎక్కువ లాగుతుంది. ఊరికే వచ్చే లాభం కాదిది. లారీ చక్రం చుట్టుకొలత సుమారు 3.2 మీటర్లు అనుకోండి. టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్లు పోయేటప్పుడు 7 పళ్ళ బండి ఇంజను నిమిషానికి 1,830 చుట్లు తిరిగితే, 6 పళ్ళ బండి ఇంజను 2,135 చుట్లు తిరగాలి. చదును రోడ్డు మీద ఆ అదనపు చుట్లన్నీ డీజిలే. ఘాట్ రోడ్డు మీద అవే ప్రాణాధారం.

ఈ బేరం ఎంత దూరం పోగలదో చూపిన బండి ఇంగ్లండులో తయారైంది. దానికి ముందు మన దేశానికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు, బ్రిటన్‌లో 4 అడుగుల 8న్నర అంగుళాలు. అందువల్ల అక్కడ మనకోసం తయారైన రైలింజన్లు అక్కడి పట్టాల మీద నడిచి రేవుకు చేరలేవు. గ్లాస్గోలోని స్ప్రింగ్‌బర్న్ కర్మాగారాల నుంచి క్లైడ్ నది ఒడ్డున ఉన్న పెద్ద క్రేను దాకా ఎగుమతి ఇంజన్లను వీధుల వెంట బళ్ళ మీద లాక్కుపోయేవారు. మొదట్లో ఆవిరి ట్రాక్షన్ ఇంజన్లే ఆ పని చేసేవి. చిన్నప్పుడు మనం స్టేషనులో నోరు తెరుచుకు చూసిన ఆవిరి ఇంజన్లలో కొన్ని అలా రోడ్డెక్కి ఓడ చేరినవే.

ఇటువంటి బరువుల కోసమే 1929లో స్కామెల్ కంపెనీ "హండ్రెడ్ టన్నర్" అనే బండిని తయారుచేసింది. రెండే చేశారు. నూరు టన్నులు మోయవలసిన ఆ బండికి మొదట పెట్టిన పెట్రోలు ఇంజను 80 హార్స్‌పవర్! ఈనాడు మన పిల్లలు కూరగాయలకు వేసుకెళ్ళే చిన్న కారుకు దాదాపు అంత ఉంటుంది. తర్వాత దానికి 102 హార్స్‌పవర్ గార్డనర్ డీజిలు ఇంజను అమర్చారు. మరి నూరు టన్నులు ఎలా కదిలాయంటే, గేర్లను అంత తక్కువ వేగానికి దించారు. మనిషి నడక వేగంతో పోయేది. దానితో పాటు నడిచే సిబ్బందికి పరుగెత్తే అవసరం రాలేదు.

నడక వేగం రేవుకు చాలింది, యుద్ధానికి చాలలేదు. టాంకు తన పట్టీల మీద తాను వందల మైళ్ళు పోతే యుద్ధభూమి చేరేసరికి పట్టీలు, ఇంజను అరిగిపోతాయి. అందుకని దాన్ని ట్రైలరు మీద మోసుకుపోవాలి. బ్రిటిష్ సైన్యానికి అప్పుడున్నది స్కామెల్ పయొనీర్. అదే 102 హార్స్‌పవర్ గార్డనర్, ఆరు గేర్లు. మొదట 20 టన్నుల టాంకులకు, తర్వాత 30 టన్నుల టాంకులకు వాడారు. టాంకులు బరువెక్కాయి, బండ్లు చాలినన్ని లేవు. 1940లో బ్రిటిష్ కొనుగోలు ప్రతినిధులు అమెరికా వెళ్ళి ఇంతకంటే బలమైనది కావాలని అడిగారు. చికాగోలోని డైమండ్ టి కంపెనీ 980 అనే మోడల్ చేసి ఇచ్చింది. అందులో హెర్క్యులిస్ డీజిలు ఇంజను, 14.7 లీటర్లు, 201 హార్స్‌పవర్. నాలుగు గేర్ల పెట్టె వెనుక మూడు గేర్ల మరో పెట్టె, మొత్తం పన్నెండు గేర్లు.

నాకు అన్నిటికంటే నచ్చిన అంకె ఇక్కడ ఉంది. పయొనీర్ గరిష్ఠ వేగం గంటకు సుమారు 24 మైళ్ళు. దానికి రెట్టింపు ఇంజను ఉన్న డైమండ్ టి గరిష్ఠ వేగం 23 మైళ్ళు! రెట్టింపు బలాన్ని వేగానికి ఖర్చుపెట్టకుండా, మొత్తం బరువుకే కేటాయించి గేర్లు కట్టారన్నమాట. ఆ ఇంజనీర్లెవరో గాని ప్రలోభానికి లొంగలేదు.

లెక్క వేసి చూద్దాం. టాంకు, ట్రైలరు, లారీ కలిపి 60 టన్నులు. 20 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు. ఒక్కో టన్నుకు ఎత్తు కోసం 50 కిలోలు, చక్రాల రాపిడికి సుమారు 13 కిలోలు లాగాలి. మొత్తం 3,800 కిలోల లాగుడు. 201 హార్స్‌పవర్‌లో గేర్ల రాపిడికి పోగా చక్రాలకు 170 దాకా చేరితే బండి గంటకు 12 కిలోమీటర్లు ఎక్కుతుంది. 102 హార్స్‌పవర్‌తోనూ అదే బండి అదే ఎత్తు ఎక్కుతుంది, గంటకు 6 కిలోమీటర్లు. కానీ తగిన గేరు లేకపోతే 500 హార్స్‌పవర్ ఉన్నా నిలిచిన చోటి నుంచి కదలదు. క్లచ్ మాత్రం కాలుతుంది.

ఆ బండ్లు ఐదు వేలకు పైగా తయారయ్యాయి. ఎడారి యుద్ధంలో టాంకులను ముందుకు చేర్చినవీ, దెబ్బతిన్నవాటిని వెనక్కి తెచ్చినవీ అవే. మన నాలుగో ఇండియన్ డివిజన్ పోరాడిన ఉత్తర ఆఫ్రికా అదే. అమెరికా సైన్యం తన సొంతానికి ఎం-26 అనే ఇంకా పెద్దది చేయించుకుంది. 240 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను, వెనుక చక్రాలకు గొలుసులు. గాలను పెట్రోలుకు సుమారు ఒక మైలు పోయేది. యుద్ధం తర్వాత న్యూపోర్టులోని విన్స్ అనే రవాణా కంపెనీ వీటిని కొని, ఆ తాగుబోతు ఇంజను పీకేసి, డైమండ్ టిలో ఉన్న హెర్క్యులిస్ డీజిలును పెట్టింది. హార్స్‌పవర్ తగ్గింది, మోసే బరువు తగ్గలేదు. సైన్యానికి పెట్రోలు బిల్లు ఎవరో చెల్లిస్తారు, కంపెనీ యజమాని తానే చెల్లించాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి ఒకటి. 1980లలో మా జిల్లాలో ఒక కార్యాలయం చెడిపోయిన లారీలను లాగి తేవడానికి రికవరీ వ్యాన్ కొన్నది. టెండర్ల కంపారిటివ్ స్టేట్‌మెంటులో ధరకు ఒక గడి, హార్స్‌పవర్‌కు ఒక గడి, డెలివరీ గడువుకు ఒక గడి ఉన్నాయి. ఇరుసు గేరుకు గడి లేదు. అందరికంటే తక్కువ ధరకు ఎక్కువ హార్స్‌పవర్ బండి వచ్చింది. అది చదును రోడ్లకు కట్టిన బండి. ఏడాదిలో మూడు క్లచ్ ప్లేట్లు కాలాయి. ఒకసారి ఘాట్‌లో మలుపు దగ్గర, వెనుక బరువు లారీతో ఆగి, మళ్ళీ కదలలేక వెనక్కి జారింది. క్లీనరు దూకి చక్రం కింద రాయి వేయకపోతే రెండు బండ్లూ లోయలో ఉండేవి. రాయి వేసినవాడికి ఏమీ దక్కలేదు. డ్రైవరుకు మాత్రం నిర్లక్ష్యం కింద మెమో, క్లచ్ ప్లేట్ల ఖరీదు జీతం నుంచి రికవరీ.

ఆ ఫైలు తర్వాత మా సెక్షనుకు వచ్చింది. డ్రైవరు సంజాయిషీ ఒకే వాక్యం: "అయ్యా, బండికి పుల్లింగు లేదు." దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి వర్క్‌షాపు మేస్త్రీ ఒకరు హౌసింగ్ విప్పి పళ్ళు లెక్కపెట్టి, 41, 7 అని కాగితం మీద రాసి పంపారు. పినియన్ మార్చి 6 పళ్ళది వేశారు. ఆ తర్వాత క్లచ్ ఫిర్యాదు రాలేదు. ఒక వింత మాత్రం జరిగింది. స్పీడోమీటరు గేరుబాక్సు నుంచి తిరుగుతుంది కనుక, ఇరుసు గేరు మారాక అది కిలోమీటర్లు ఆరోవంతు ఎక్కువ చూపింది. లాగ్ బుక్కులో డీజిలు వాడకం బాగుపడినట్టు కనిపించి ఆడిట్ వారు సంతోషించారు! డ్రైవరు రికవరీ ఉత్తర్వు రద్దు కావడానికి మరో రెండేళ్ళు పట్టింది.

గేరు, ఇంజను రెండూ సరిగ్గా ఉన్నా మూడోది ఒకటి కావాలి, అది పట్టు. పైన చెప్పిన 3,800 కిలోల లాగుడు పొడి రోడ్డు మీద నిలవాలంటే లాగే చక్రాల మీద కనీసం 6న్నర టన్నుల బరువు ఉండాలి. తడి మట్టిలో దానికి రెట్టింపు కావాలి. లేకపోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే డైమండ్ టి వెనుక ఒక పెట్టె కట్టి దాన్ని బరువుతో నింపేవారు. బరువు లాగడానికి బరువు మోయడం చూసేవారికి తెలివితక్కువగా కనిపిస్తుంది. దిగేటప్పుడు కూడా గేరుదే పెద్దరికం. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు.

తరువాతి కాలంలో ఇంజన్లు పెరిగాయి. 1950 ప్రాంతంలో థార్నీక్రాఫ్ట్ వారి మైటీ యాంటార్‌కు 250 హార్స్‌పవర్. అది మొదట ఇరాక్ చమురు పైపుల కోసం చేసిన బండి, తర్వాత టాంకులకు వాడారు. 1990లలో అమెరికా సైన్యపు ఆష్‌కాష్ బండికి 500, తర్వాతి రకానికి 700. ఆటోమేటిక్ గేరుబాక్సు రావడంతో క్లచ్ కాల్చే ప్రమాదం పోయింది. ఇరుసు గేరును కూడా రెండుగా పంచారు. సగం మధ్యలో, మిగతా సగం చక్రం హబ్బులోనే చిన్న పళ్ళచక్రాలతో పెట్టారు. దానివల్ల ఇరుసు షాఫ్టుల మీద మెలి తగ్గి, అవి విరగకుండా నిలుస్తాయి. ఇంత బలం ఎందుకంటే, ఇప్పుడు రోడ్డు ఒక్కరిది కాదు. జర్మనీ చట్టం లారీకి టన్నుకు 5 కిలోవాట్లు, అంటే దాదాపు 7 హార్స్‌పవర్, తప్పనిసరి చేసింది. ఎత్తు మీద నత్తలా పాకే బండి వెనుక వచ్చేవారికి ప్రమాదం కదా! ఆ లెక్కన 1929 నాటి హండ్రెడ్ టన్నర్‌కు టన్నుకు ఒక్క హార్స్‌పవర్ కూడా లేదు.

మన జాతీయ రహదారుల మీద ట్రాన్స్‌ఫార్మర్లు మోసే పొడవాటి ట్రైలర్లను మీరు చూసే ఉంటారు. ముందు ఒక పుల్లర్ లాగుతుంటే, అవసరమైతే వెనుక మరొకటి నెడుతుంది. 520 హార్స్‌పవర్ పుల్లర్లు మన దేశంలోనూ వచ్చాయి. అయినా వంతెన దగ్గరికి వచ్చేసరికి అవి మళ్ళీ నడక వేగానికే దిగాలి. మన వంతెనలకు వాడే 70 ఆర్ అనే లెక్కలో చక్రాల బండి 100 టన్నులు, ఒక ఇరుసు మీద 20 టన్నులు, జంట ఇరుసుల మీద 40 టన్నులు గరిష్ఠం. అంతకు మించితే ప్రత్యేక అనుమతి కావాలి. అటువంటి అనుమతి పత్రాలు నేను చాలా టైపు చేశాను. షరతులు దాదాపు ఒకటే: బండి వంతెన నడిమధ్యన పోవాలి, ఆ సమయంలో మరో వాహనం వంతెన మీద ఉండరాదు, నడక వేగం మించరాదు, మధ్యలో ఆగరాదు, బ్రేకు వేయరాదు, గేరు మార్చరాదు. బ్రేకు వేసినా, గేరు మార్చి కుదిపినా ఆ అదురు స్తంభాలకు పోతుంది. కనుక డ్రైవరు వంతెన ఎక్కకముందే తగిన గేరు వేసుకుని, అవతలి ఒడ్డు చేరేదాకా దాని మీద చెయ్యి వేయకుండా పోవాలి.