రోగం బస్తాలో లేదు

2020 ఏప్రిల్, కరోనా లాక్‌డౌన్ రోజులు. పొద్దున ఎనిమిదన్నా కాలేదు. వరంగల్ కాశిబుగ్గలో రేషన్ దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాలు అప్పుడే నిండిపోయాయి. మీరున్నది ఆరో గుండ్రంలో. చేతిలో కార్డు, చంకలో మడతపెట్టిన సంచి. మున్సిపాలిటీ వాళ్లు చల్లిపోయిన హైపోక్లోరైట్ ఘాటు ముక్కును వదలడం లేదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే లారీల రొద లేక రోడ్డు బోసిపోయి ఉంది.

సర్కారు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా ఇస్తోంది. నలుగురున్న ఇంటికి 48 కిలోలు, దాదాపు బస్తా. లోపల హమాలీ బస్తాను దించి, మూతి కుట్టు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పురికొస సర్రున ఊడొచ్చింది. దొడ్డు బియ్యం జలజలా పడుతుంటే డీలర్ కాంటా మీద, కార్డుల మీద శానిటైజర్ కొడుతున్నాడు. ఖాళీ బస్తాలను లెక్కపెట్టి గోడ వారగా పేరుస్తున్నాడు. బెంగాల్‌లో జనపనార మిల్లులు మూతపడి, వడ్ల కొనుగోళ్లకు గోనెసంచులు దొరకని రోజులివి. ఖాళీ సంచికీ కాపలా కావాల్సి వచ్చింది.

సరుకుతో రోగం వస్తుందన్న ఈ అనుమానం పాతదే. 1793లో అప్పటి అమెరికా రాజధాని ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ సుమారు 5 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఊరి జనాభా 50 వేలు. పడమటి సరిహద్దులోని జనరల్ ఆంథొనీ వేన్ సైన్యానికి బట్టలు, సామగ్రి ఆ ఊరి నుంచే వెళ్లాలి. రోగమేమో బట్టల్లో, కంబళ్లలో నక్కి ఉంటుందని నమ్మకం. జనం వెనిగర్ చల్లుకున్నారు, కర్పూరం దగ్గర పెట్టుకున్నారు, తుపాకి మందు కాల్చారు. వాననీళ్ల పీపాల్లో పెరుగుతున్న దోమల జోలికి మాత్రం పోలేదు. 1900లో క్యూబాలో అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం ఈ నమ్మకానికి పరీక్ష పెట్టింది. రోగుల మురికి పక్కల మీద 20 రాత్రులు పడుకున్న వాలంటీర్లకు ఏమీ కాలేదు. జ్వరం వచ్చింది దోమ కుట్టినవాళ్లకు.

కరోనా సోకిన వస్తువును ఒకసారి ముట్టుకుంటే రోగం అంటుకునే అవకాశం సాధారణంగా 10 వేలలో ఒకటి కన్నా తక్కువేనని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పడానికి ఇంకా ఏడాది ఉంది. అసలు ముప్పు మనిషి ఊపిరిలో. ఆ సంగతి తెలియక మీరు బియ్యాన్ని ఓ రోజు వరండాలోనే ఉంచుదామని అనుకుంటున్నారు.

మీ ముందున్న అవ్వ వంతు వచ్చింది. ఆమె సంచిని డీలర్ అటూ ఇటూ తిప్పి శానిటైజర్ కొట్టాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని గట్టిగా అరిచాడు: "దూరముండు అవ్వా! సంచి ఆడ పెట్టు!"

అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"సంచికేం రోగం బిడ్డా! ముందుగాల నీ మూతికి ఆ గుడ్డ పెట్టుకో."