తండ్రిని బోనెక్కించిన కూతురు: పాఠకుల విమర్శకు శివకామి జవాబు

నవలను పాఠకులు బాగోలేదన్నప్పుడు రచయితలు మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. నోరు మూసుకుని ఊరుకుంటారు, లేకపోతే పత్రికకు ఘాటుగా ఒక ఉత్తరం రాస్తారు. తమిళ దళిత రచయిత్రి పి. శివకామి మూడో దారి పట్టింది. తన మొదటి నవల మీద వచ్చిన అభ్యంతరాలకు మరో నవలతో జవాబు చెప్పింది. ఆ జవాబులో తనను తానే నిలదీసుకుంది. దళిత సాహిత్య చరిత్రలో ఇట్లాంటి ఘటన అరుదు. మన తెలుగు చర్చల్లో దీనికి రావలసినంత చోటు రాలేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

నవల పేరు ‘పళయన కళిదలుం’. 1989లో వచ్చింది. తమిళంలో ఒక దళిత స్త్రీ రాసిన తొలి నవలగా దీన్ని లెక్కిస్తారు. పాతవి పోవడం, కొత్తవి రావడం తప్పు కాదని ‘నన్నూల్’ అనే పాత తమిళ వ్యాకరణంలో ఒక మాట ఉంది. ఆ మాటలో మొదటి సగాన్నే శివకామి పేరుగా తీసుకుంది. కొత్తవి వచ్చే సంగతి పేరులో లేదు. అది కావాలని చేసిందో కాదో గానీ నవల చదివినవాళ్ళకి ఆ ఖాళీ తగులుతుంది.

శివకామి 1957లో పెరంబలూరులో పుట్టింది. తండ్రి శాసనసభ్యుడిగా చేసిన మనిషి. ఆమె 1980లో ఐ.ఎ.ఎస్.లో చేరింది. నవల వచ్చేనాటికి పెద్ద ప్రభుత్వోద్యోగి. ఈ రెండు సంగతులూ, అంటే నాయకుడి ఇంట్లో పెరగడం, సర్కారు కుర్చీలో కూర్చోవడం, ఆమె మీద వచ్చిన విమర్శ వెనక కనపడీ కనపడకుండా ఉన్నాయి.

కథ ఇది. తంగం అనే పరయ కులపు వితంతువు ఒక తెల్లవారుజామున ఒళ్ళంతా దెబ్బలతో కాత్తముత్తు ఇంటికి వస్తుంది. ఆమెకు పిల్లల్లేరు. భర్త పోయాక అతని తరఫువాళ్ళు భూమిలో వాటా ఇవ్వలేదు. పొట్టకోసం పరంజోతి ఉడయార్ పొలంలో కూలికి పోయింది. ఆ ఆసామి ఆమెను బలవంతంగా లొంగదీసుకున్నాడు. సంగతి బయటపడ్డాక అతని భార్య అన్నదమ్ములు వచ్చి కొట్టింది అతన్ని కాదు, తంగాన్ని. కాత్తముత్తు పరయల నాయకుడు, మాటకారి, గతంలో పంచాయతీకి పెద్దగా చేసినవాడు. ఇంట్లో ఇద్దరు భార్యలు. ఒకామె తన కులం మనిషి కనకవల్లి, రెండో ఆమె నాగమణి, పై కులపు వితంతువు. కూతురు గౌరి చదువుకుంటోంది. కాత్తముత్తు తంగం తరఫున నిలబడతాడు. పోలీసు దరఖాస్తు రాయిస్తాడు. అయితే జరిగింది జరిగినట్టు రాయించడు. పై కులాల వీధిలో నడిచినందుకు దళిత స్త్రీని కొట్టారని రాయిస్తాడు.

నవలకి గుండెకాయ ఈ దరఖాస్తే. ‘ఆసామితో సంబంధం’ అని రాస్తే ఠాణాలోనే నవ్విపోతారు, ఆడదాని నడత మీదికి మళ్ళిస్తారు. ‘కులం పేరుతో కొట్టారు’ అంటే కేసు నిలబడుతుంది. చట్టం తెలిసిన నాయకుడు ఎవరైనా ఈ లెక్కే వేస్తాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా అదే 1989లోనే వచ్చింది. ఆ లెక్కలో తంగం ఒంటి మీద జరిగిన దౌర్జన్యం మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. కులం తరఫున కేసు గెలవాలంటే ఆడమనిషి కథ దాచిపెట్టాల్సి వచ్చింది. తర్వాత గొడవ పెరుగుతుంది, రాజీ జరుగుతుంది, తంగానికి పరిహారం డబ్బు వస్తుంది. ఆ డబ్బు మీద కాత్తముత్తు చెయ్యి పడుతుంది, తంగం మీదా పడుతుంది. ఆదుకున్నవాడే ఆమెను ఇంట్లో మూడో ఆడదాన్ని చేసుకుంటాడు. ఇదంతా గౌరి చూస్తుంది. తండ్రిని అసహ్యించుకుంటుంది, చదువు పట్టుకుని బయటపడుతుంది.

పాఠకుల్లో, ముఖ్యంగా దళిత పాఠకుల్లో, కొందరికి ఇది మింగుడుపడలేదు. దళిత నాయకుణ్ణి లంచగొండిగా, స్త్రీలోలుడిగా చూపించడం ఏమిటి? పై కులాలవాళ్ళు ఎప్పటినుంచో మన నాయకుల గురించి చెప్పే మాటలకి ఇది సాక్ష్యం కాదా? ఇంటిగుట్టు లంకకు చేటన్నట్టు, లోపలి మురికిని లోపలే కడుక్కోకుండా అగ్రవర్ణ పాఠకుల ముందు పెట్టడం ఎవరికి లాభం? విమర్శ సారాంశం ఇదీ.

ఈ ప్రశ్నల్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కాలం చూడాలి. ఆంధ్రదేశంలో 1985లో కారంచేడు జరిగింది, దళిత మహాసభ పుట్టింది. 1991లో చుండూరు. 1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటన, దానికి ఎదురుగా అగ్రవర్ణ విద్యార్థుల రచ్చ. 1991లో అంబేద్కర్ శతజయంతి. తమిళ దళిత సాహిత్యం ఒక ఉద్యమంగా గట్టిపడింది ఈ శతజయంతి చుట్టుపక్కలే. జనం కొత్తగా లేచి నిలబడుతున్నప్పుడు నాయకుడి బొమ్మ మీద గీత పడితే బాధ కలుగుతుంది. ఆ బాధ నిజమైనదే. బామ ‘కరుక్కు’ 1992లో వచ్చినప్పుడు ఆమె సొంత ఊరివాళ్ళే కోపగించారు. కొన్ని నెలలపాటు ఆమె ఊరికి పోలేకపోయింది. తమ బతుకు అచ్చులో చూసుకోవడం అంటే ఏమిటో ఆ వాడకి అదే మొదటిసారి. తరవాత ఆ ఊరే ఆ పుస్తకాన్ని తనదనుకుంది.

మన దగ్గర ఈ సంభాషణ జరిగే వీలే లేకుండా పోయిన సందర్భం ఒకటుంది. ‘మాలపల్లి’ 1922లో వచ్చింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దానికి దళిత విమర్శ గట్టిగా వచ్చేసరికి ఆరు దశాబ్దాలు గడిచాయి. రామదాసు భక్తీ, సంగదాసు మంచితనమూ ఎవరి కోరికల్లోంచి పుట్టాయని మనవాళ్ళు అడిగేనాటికి ఉన్నవ లక్ష్మీనారాయణ లేడు, 1958లోనే పోయాడు. ఉన్నా ఏం జవాబు చెప్పేవాడో! అక్కడ రాసింది బయటి కులపు మనిషి, దళితుణ్ణి దేవుణ్ణి చేశాడన్నది అభ్యంతరం. శివకామి విషయంలో రాసింది లోపలి మనిషి, దళితుణ్ణి మామూలు మనిషిని చేసిందన్నది అభ్యంతరం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దళిత పాత్ర ఎట్లా ఉండాలన్న ప్రశ్న ఎంత చిక్కుదో తెలుస్తుంది.

శివకామి జవాబు 1997లో ‘ఆసిరియర్ కురిప్పు’ పేరుతో వచ్చింది. అంటే రచయిత గమనిక. పేరు చూసి నాలుగు పేజీల వివరణ అనుకుంటాం గానీ అదొక పుస్తకం. అందులో నవల రాసిన ఆమె ఒక పాత్ర. తనను ‘నేను’ అనుకోదు, ‘ఆమె’ అని ఎడంగా నిలబెట్టుకుని చూసుకుంటుంది. పుట్టిన చోటికి తిరిగి పోతుంది. నవల్లో రాసినదాన్నీ, జ్ఞాపకంలో ఉన్నదాన్నీ, కళ్ళముందు కనిపించేదాన్నీ పక్కపక్కన పెడుతుంది. అసలు తండ్రి అంత చెడ్డవాడా? వాడలో అతని వల్ల నిలబడ్డవాళ్ళు లేరా? కూతురిగా తనకున్న కోపం కాత్తముత్తు బొమ్మని ఎంత వంకరగా గీసింది? చదువుకుని మధ్యతరగతి ఇంట్లోకి చేరిన ఆడపిల్ల, అంతంతమాత్రం చదువుతో కులపెద్దయిన తండ్రిని ఏ ఎత్తు మీద నిలబడి చూసింది?

ఇట్లా అడుక్కోవడాన్ని కొందరు లొంగుబాటు అనుకోవచ్చు. నాకట్లా అనిపించదు. ఆమె నవలని వెనక్కి తీసుకోలేదు. ఒక్క వాక్యం మార్చి కాత్తముత్తుని మంచివాణ్ణి చేయలేదు. తంగం డబ్బు తంగానికి ఇప్పించలేదు. రాసింది రాసినట్టే ఉంచి, రాసిన చెయ్యి ఎవరిదో చూపించింది. విమర్శకులు ‘నువ్వు రాసింది నిజమేనా?’ అని అడిగారు. ఆమె ‘ఈ నిజం ఎక్కడ నిలబడి చూస్తే కనిపించింది?’ అనే ప్రశ్నగా దాన్ని తిప్పుకుంది. దళిత రచన అంటే సాక్ష్యమే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో సాక్షిని కూడా విచారించాలనడం చిన్న సాహసం కాదు.

అయితే ఈ జవాబులో నాకు ఒక లోటు కనిపిస్తుంది. విచారణ ఎక్కువగా తండ్రీ కూతుళ్ళ మధ్యే నడుస్తుంది. తండ్రికి న్యాయం జరిగిందా అనే బెంగ చాలాచోట్ల ముందుకొస్తుంది. దరఖాస్తులో మాయమైన తంగం కథ ఆ బెంగ వెనక మళ్ళీ కొంత మసకబారుతుంది. పాఠకులు అడిగింది నాయకుడి గురించి కాబట్టి జవాబూ అతని చుట్టే తిరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నాయకుడి పరువు గురించి అంత గొడవ చేసిన పాఠకులు తంగం గురించి అంత గట్టిగా ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్న శివకామికన్నా ఆ పాఠకులకే ఎక్కువ తగులుతుంది.

ఈ రెండు పుస్తకాల మధ్య ఎనిమిదేళ్ళలో దళిత స్త్రీల గొంతు విడిగా వినపడటం మొదలైంది. 1995లో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య ఏర్పడింది. దళిత స్త్రీలు వేరుగా ఎందుకు మాట్లాడుతున్నారో వివరిస్తూ గోపాల్ గురు వ్యాసం వచ్చింది కూడా అదే ఏడాది. శివకామి ‘పుదియ కోడంగి’ పత్రిక సంపాదకత్వం చేపట్టిందీ 1995లోనే. తెలుగులో దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోటికి తెచ్చిన గోగు శ్యామల ‘నల్లపొద్దు’ 2003లో వచ్చింది. 1989లో ఇంటిగుట్టుగా కనిపించిన విషయం ఈ పద్నాలుగేళ్ళలో బహిరంగ చర్చ అయింది. దళిత పురుషుడి ఆధిపత్యం గురించి మాట్లాడితే ఉద్యమం చీలుతుందనే మాట మాత్రం ఇక్కడా వినపడింది, చాలా సభల్లో.

2006లో శివకామి తానే ఈ నవలను ఇంగ్లీషులోకి తెచ్చింది. ఓరియంట్ లాంగ్‌మన్ వేసింది, పేరు ‘ది గ్రిప్ ఆఫ్ చేంజ్’. అందులో నవలనీ జవాబునీ ఒకే అట్టల మధ్య పెట్టారు. మొదటి భాగం కాత్తముత్తుది, రెండో భాగం గౌరిది. తమిళంలో ఎనిమిదేళ్ళు కోపంగానో మౌనంగానో ఎదురుచూసిన పాఠకుడికి దొరికింది, ఇంగ్లీషు పాఠకుడికి పేజీ తిప్పగానే దొరుకుతుంది. విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లల చేతికి వచ్చేది ఎక్కువగా ఈ రూపమే. విమర్శ చేసినవాళ్ళ పేర్లు వాళ్ళకి తెలియవు గానీ ఆ విమర్శ లేకపోతే పుస్తకంలో రెండో సగమే ఉండేది కాదు.

2008లో ఆమె ఐ.ఎ.ఎస్. ఉద్యోగం వదిలేసింది. బహుజన సమాజ్ పార్టీలో చేరి 2009లో కన్యాకుమారి నుంచి లోక్‌సభకు పోటీ చేసింది, ఓడిపోయింది. ఆ తర్వాత సొంతంగా ఒక పార్టీ పెట్టింది. కాత్తముత్తు నిలబడ్డ చోటే, దరఖాస్తులు పట్టుకుని జనం వచ్చే గుమ్మంలో, ఇప్పుడు గౌరి నిలబడింది.