బస్సెక్కడమే గండం.. పడితే బాధ్యులెవరు?

దివ్యాంగులు, వృద్ధుల ప్రయాణ భద్రతకు చట్టాలున్నా ఆధారాల్లేక అందని పరిహారం
సున్నా టికెట్టయినా సాక్ష్యమే

నరసరావుపేట: మాచర్ల నుంచి జిల్లా కేంద్రమైన నరసరావుపేటకు సుమారు 80 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడటంతో కలెక్టరేటు గుంటూరు కన్నా దగ్గరైన మాట వాస్తవం. అయితే చంకకర్రలతో నడిచేవారికి, మోకాళ్ల నొప్పులతో బాధపడే వృద్ధులకు ప్రయాణంలో అసలు కష్టం బస్సు మొదటి మెట్టు వద్దే మొదలవుతుంది. పింఛను పనికి, వైద్య పరీక్షలకు, ధ్రువపత్రాలకు వారు ప్రయాణించక తప్పదు. 2025లో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు రాష్ట్రమంతటా నడవలేనివారు సైతం ఆస్పత్రులకు వెళ్లి వైద్యుల ఎదుట హాజరు కావాల్సి వచ్చింది.

ఛార్జీలో రాయితీ ఎంత అన్నది అందరికీ తెలుసు. కొవిడ్ కాలంలో నిలిపివేసిన వృద్ధుల 25 శాతం రాయితీని ఆర్టీసీ 2022 మేలో పునరుద్ధరించింది. రైల్వే మాత్రం 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీని తిరిగి ఇవ్వలేదు. ఈ లెక్కలపై జరిగినంత చర్చ, ఎక్కుతూ దిగుతూ పడిపోతే జవాబుదారీ ఎవరన్న దానిపై జరగడం లేదు.

చట్టం ఏమంటోంది?

1995 నాటి వికలాంగుల చట్టం 44వ సెక్షన్ బస్సులు, రైలు పెట్టెలను వికలాంగులు ఎక్కేందుకు అనువుగా మార్చాలని చెప్పింది. అయితే ‘ఆర్థిక స్తోమత మేరకు’ అన్న వెసులుబాటు అందులోనే ఉంది. ఆ మాటను అడ్డుపెట్టుకునే రెండు దశాబ్దాలు గడిచిపోయాయి. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 41వ సెక్షన్ ప్రకారం బస్టాపులు, రైల్వేస్టేషన్లలో సౌకర్యాలు కల్పించడంతోపాటు, సాంకేతికంగా వీలున్నచోట పాత వాహనాలనూ మార్చాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద తొలిసారి రూ.10 వేల వరకు, ఆపై ప్రతిసారీ రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. దివ్యాంగుడిని పదిమందిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. ‘నీకెందుకీ ప్రయాణం’ అని బస్సులో ఈసడించేవారికి ఈ సెక్షన్ సంగతి తెలియదు.

కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 2019 డిసెంబరులో చేసిన సవరణ 2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బస్సులో ప్రాధాన్య సీట్లు, వాటిని తెలిపే గుర్తులు, పట్టుకునేందుకు కడ్డీలు, చంకకర్రలు, చేతికర్రలు భద్రపరిచే ఏర్పాటు, చక్రాల కుర్చీ ఎక్కించి కదలకుండా బిగించే వసతి ఉండాలన్నది దాని సారాంశం. సామర్థ్య ధ్రువపత్రం ఇచ్చే ముందు వీటిని తనిఖీ చేయాలి. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఈ పత్రం తీసుకోవాలి. అంటే లోపమున్న బస్సు రోడ్డెక్కితే ప్రశ్న డిపోకే పరిమితం కాదు, పత్రంపై సంతకం చేసిన తనిఖీ అధికారి వరకూ వెళుతుంది.

సుప్రీంకోర్టు సైతం ఈ విషయంలో కఠినంగానే మాట్లాడింది. రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, సౌలభ్య ప్రమాణాలను కేవలం మార్గదర్శకాలుగా వదిలేసిన 15వ నిబంధన చట్టవిరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పునకు ఆధారమైన క్షేత్రస్థాయి నివేదికను తయారు చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. అంతకు ముందు 2016లో, సెరెబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను విమానం నుంచి దించివేసినందుకు స్పైస్‌జెట్ సంస్థ రూ.10 లక్షలు చెల్లించాలని అదే న్యాయస్థానం తీర్పునిచ్చింది. విమానంలో జరిగిన అవమానానికి ఆ విలువ ఉంటే పల్లెవెలుగు బస్సులో జరిగే దానికీ విలువ ఉండాలి.

మెట్టు మీద జరిగేదీ ప్రమాదమే

బస్సులు ఢీకొంటేనే ప్రమాదమనుకోవడం పొరపాటు. ఎక్కుతుండగా బస్సు కదలడం, నిలబడ్డ వృద్ధురాలు హఠాత్తు బ్రేకుకు పడి తుంటి ఎముక విరగడం కూడా మోటారు వాహన చట్టం దృష్టిలో ‘వాహన వినియోగం వల్ల’ జరిగిన ప్రమాదాలే. వీటిలో డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపగలిగితే 166వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు. తప్పు ఎవరిదన్నది తేలకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ ప్రకారం మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు అడిగే హక్కుంది.

చిక్కంతా ఆధారాల దగ్గరే వస్తోంది. వాహనాలు ఢీకొంటే పోలీసులు వస్తారు, కేసు నమోదవుతుంది. మెట్టు మీద పడిన వృద్ధుడిని తోటి ప్రయాణికులు లేవదీసి పక్కన కూర్చోబెడతారు. బస్సు వెళ్లిపోతుంది. మర్నాడు నొప్పి ముదిరి ఆస్పత్రికి వెళితే ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని చీటీలో రాయించేస్తారు. ఆ ఒక్క వాక్యంతో కేసు అక్కడే ముగుస్తుంది. ఏ బస్సులో, ఏ ఊరి వద్ద, ఎన్ని గంటలకు పడ్డారో వైద్యుడికి చెప్పి రాయించడం, అదేరోజు పోలీస్‌స్టేషన్‌లో ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవడం తప్పనిసరి. బస్సు నంబరు, సమయం, మార్గం టికెట్టుపై దొరుకుతాయి కనుక దాన్ని పారేయకూడదు.

2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టును ఉత్త కాగితమని కిటికీలోంచి పడేసేవారు ఎందరో. పరిహారానికి ఛార్జీ చెల్లించి ఉండాలన్న షరతు లేదు గానీ, ఆ బస్సులో ప్రయాణించినట్లు చూపేది ఆ కాగితమే.

బస్సు ఎవరిది?

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు. సంస్థ మాత్రం అలాగే ఉంది. దీనికితోడు డిపోల్లో ప్రైవేటు యజమానుల అద్దె బస్సులూ తిరుగుతాయి. ప్రమాదం జరిగితే యజమాని ఆర్టీసీని, ఆర్టీసీ యజమానిని చూపడం కొత్త కాదు. ఈ వాదన కోర్టుల్లో ఎన్నడో వీగిపోయింది. అద్దె బస్సు ప్రమాదంలో బాధ్యత ఆర్టీసీకీ వర్తిస్తుందని 1997లో కైలాశ్‌నాథ్ కొఠారి కేసులో, అద్దెకు ఇచ్చారన్న కారణంతో బీమా సంస్థ తప్పించుకోలేదని 2011లో కుల్సుం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల దావాలో ఆర్టీసీ, యజమాని, బీమా సంస్థ ముగ్గురినీ చేర్చడమే క్షేమం.

2023 నవంబరు 6న విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో 12వ ప్లాట్‌ఫారంపైకి బస్సు దూసుకువచ్చి ముగ్గురు మరణించారు. కూర్చుని ఎదురుచూసే చోటు కూడా భద్రం కాదని ఆ ఘటన చూపింది. అటువంటి సందర్భాల్లో ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ట్రైబ్యునల్ ఇచ్చే పరిహారం వేరు. మొదటిది అందిందని రెండోది వదులుకోనక్కర్లేదు.

ఆటో, మినీ లారీల్లో మరింత ముప్పు

బస్సు మెట్టు ఎక్కలేని వృద్ధులు షేర్ ఆటోలనే ఆశ్రయిస్తున్నారు. ఎత్తు తక్కువ, ఇంటిముందే ఆగుతుంది. కానీ చట్టరక్షణ అక్కడే పలుచన. పరిమితికి మించి ఎక్కించుకున్న వాహనంలో బీమా సంస్థ బాధ్యత అనుమతించిన ప్రయాణికుల సంఖ్య వరకేనని 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సరకు వాహనంలో ఎక్కిన ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించదని 2002లోనే ఆశారాణి కేసులో స్పష్టం చేసింది. 2022 మే నెలాఖరున శ్రీశైలం నుంచి తిరిగివస్తున్నవారి మినీ లారీ రెంటచింతల వద్ద ఆగివున్న లారీని ఢీకొని పలువురు మృతి చెందారు. ఇటువంటి ప్రయాణాల్లో పరిహార భారం యజమానిపై పడుతుంది. ఆయనకు ఆస్తి లేకుంటే తీర్పు కాగితం మీదే మిగులుతుంది.

ప్రైవేటు బస్సుల సంగతీ ఆందోళనకరమే. 2024 మేలో పోలింగు ముగించుకుని హైదరాబాద్ వెళుతున్నవారి బస్సు చిలకలూరిపేట సమీపంలోని పసుమర్రు వద్ద టిప్పర్‌ను ఢీకొని దగ్ధమైంది. మృతులు ఆరుగురిలో వృద్ధ దంపతులూ ఉన్నారు. కిటికీలోంచి దూకగలిగే యువకుడికి, సాయం లేనిదే లేవలేని వృద్ధుడికి అత్యవసర ద్వారం ఒక్కటి కాదు.

రైలు విషయంలో చట్టం కాస్త ఉదారం. నడికుడి, మాచర్ల, వినుకొండ మార్గాల్లో రైలెక్కుతూ జారిపడినా రైల్వే చట్టంలోని 124-ఏ సెక్షన్ వర్తిస్తుంది. రైల్వే తప్పును నిరూపించనక్కర్లేదని 2008లో ప్రభాకరన్ విజయకుమార్ కేసులో, టికెట్టు దొరకనంత మాత్రాన దావా చెల్లకుండా పోదని 2018లో రీనాదేవి కేసులో తేలింది. మరణానికి పరిహారం రూ.8 లక్షలు. ఏడాదిలోగా రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి.

ఎవరిని అడగాలి?

సీటు ఇవ్వకపోవడం, ఆపకుండా వెళ్లిపోవడం వంటివాటికి ముందుగా డిపో మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలుపై ముద్ర వేయించుకోవాలి. స్పందన లేకుంటే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. కమిషనర్ సిఫార్సుపై తీసుకున్న చర్యను సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలపాలి, అంగీకరించకుంటే కారణం చెప్పాలి. దివ్యాంగులకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. అందుకు న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. వృద్ధుల సహాయవాణి 14567.

మోటారు ప్రమాద దావాకు ఆరు నెలల గడువును చట్టం తిరిగి తెచ్చింది. దానిపై వివాదం సుప్రీంకోర్టులో ఉండగా, గడువు దాటిందన్న కారణంతో దావాలను కొట్టివేయరాదని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. తుది తీర్పు ఎటు వస్తుందోనని చూస్తూ కూర్చోకుండా ఆరు నెలల్లోపే దాఖలు చేయడం మేలు.