తవుడుతో పోయిన మందు

గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న పలివెల పేరెత్తితే కొప్పులింగేశ్వరుడి గుడి, వరిచేలు, కొబ్బరితోటలు కళ్ళముందు నిలుస్తాయి. నరాల జబ్బుల మీద సాగిన పరిశోధన ఎవరికీ తట్టదు. కానీ ఆ పరిశోధనలో ఒక గొప్ప మలుపునకు ఇలాంటి వరి పల్లెల అన్నమే ఆధారం. పలివెల ఉన్న గోదావరి డెల్టాతో సహా ఉత్తర సర్కారుల తీరమంతా బెరిబెరికి నెలవని వైద్యులు వందేళ్ళకు పైగా రాస్తూ వచ్చారు. 1835లోనే జె.జి. మాల్కంసన్ ఈ జబ్బు మీద మద్రాసులో ఒక గ్రంథం అచ్చువేయించాడు. పాదాలు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి, పిక్కలు నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి, గొంతుక్కూర్చున్న మనిషి చేతులు ఊనకుండా లేవలేడు. ముదిరితే ఒళ్ళు నీరుపట్టి గుండె ఆగిపోతుంది. చెడ్డగాలి అన్నారు, తేమ అన్నారు, నేల గుణం అన్నారు. నరాల జబ్బుకు కారణం నరాల్లోనే ఉండాలని పట్టుబట్టి ఉంటే ఇది ఎప్పటికీ తేలేది కాదని నా నమ్మకం. రోలునూ మిల్లునూ గంజి వార్చే గిన్నెనూ పట్టించుకున్నాకే తేలింది.

వడ్లపొట్టు తీసిన ముడిబియ్యపు గింజ మీద గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది, కొసన మొలక ఉంటుంది. థయమిన్ అనే బి1 విటమిన్ ఎక్కువగా ఉండేది ఆ రెండుచోట్లే. రోకటితో దంచినప్పుడు అందులో కొంత గింజకే అంటుకుని ఉండేది. మిల్లు తెల్లగా పాలిష్ పట్టాక సింహభాగం తవుడుతో పశువుల కుడితిలోకి పోయింది. మిగిలినదాన్ని కడుగునీళ్ళు, వార్చిన గంజి పట్టుకుపోతాయి. ఒంట్లో ఈ విటమిన్ నిలవ కొద్ది వారాలకు మించి రాదు. శరీర బరువులో రెండు శాతమే ఉన్న మెదడు మొత్తం శక్తిలో ఐదో వంతు వాడుకుంటుంది. చక్కెరను శక్తిగా మార్చే పని థయమిన్ లేనిదే సాగదు. 1930లలో ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ అనే శాస్త్రవేత్త పాలిష్ బియ్యం మేపిన పావురాలను పరీక్షించాడు. మెడ వెనక్కి విరుచుకుపోయిన ఆ పక్షుల మెదడు కణజాలం పైకి చెడినట్టు కనిపించలేదు. దానికి రవ్వంత విటమిన్ కలిపితే మళ్ళీ ఆక్సిజన్ పీల్చుకోసాగింది. ఆకారం చెడకుండానే రసాయన క్రియ ఆగిపోయి మెదడు జబ్బుపడగలదని, సకాలంలో ఆ క్రియను సరిచేస్తే కోలుకోగలదని అప్పుడు రుజువైంది. వెర్నికె అనే వైద్యుడు 1881లో వర్ణించిన తూలుడు, అయోమయం, 1887లో కోర్సకాఫ్ అనే వైద్యుడు చూపిన మతిమరుపు కూడా ఈ విటమిన్ లోపానివేనని తరవాత తెలిసింది. పిచ్చి అని తోసేసే స్థితికి ఒక సూదిమందు దొరకడం చిన్న సంగతి కాదు.

ఆ మందును 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులోనే, బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టాడు. 1910 ప్రాంతంలో మనీలాలో ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు కషాయం ఆయన చేతికిచ్చి, ఇందులో ఏముందో తేల్చమన్నాడు. తేల్చి, తయారుచేయడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. మాల్కంసన్ రాసేనాటికి మన తీరంలో మరమిల్లులు ఎక్కడివి? నిజమే, జబ్బును మిల్లు పుట్టించలేదు. దంపుడు బియ్యాన్నైనా తెల్లబడేదాకా దంచి, పదేపదే కడిగి, గంజి వార్చి, పక్కన పప్పూ కూరా చాలకుండా తింటే లోపం రాకమానదు. మిల్లు చేసిందల్లా ఆ తెల్లదనాన్ని చవగ్గా అందరి కంచంలోకీ తేవడం. మరి అన్నమే తినే తమిళులకు, మలయాళీలకు ఇది ఇంతగా ఎందుకు రాలేదన్న రెండో ప్రశ్నకు కూనూరులోని పోషకాహార పరిశోధనశాల జవాబు చెప్పింది. అక్కడ పనిచేసిన మెకారిసన్, ఆయన తరవాత 1940లో ఐక్రాయిడ్ బృందం బియ్యం మీద ప్రచురించిన అధ్యయనాలు చూస్తే తేడా తెలుస్తుంది. సర్కారు తీరంలో పచ్చిబియ్యం వాడకం, తమిళ, మలయాళ ప్రాంతాల్లో ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికిస్తే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తరవాత పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. ఏ వైద్యుడూ చెప్పకుండానే ఆ ఇళ్ళ అలవాటు నరాలను కాపాడింది. మన ఇళ్ళలో తెల్లటి పచ్చిబియ్యపు అన్నానికున్న మర్యాద ఆ రక్షణ లేకుండా చేసింది. 1934లో గాంధీ గ్రామీణ పరిశ్రమల సంఘం పెట్టి దంపుడు బియ్యం కోసం వాదించినప్పుడు దాన్ని వెనకటి కాలపు మోజు అన్నవాళ్ళున్నారు. నరాల విషయంలో మాత్రం ఆయన మాట ఆనాటి విజ్ఞానానికి సరితూగింది.

ఇప్పుడు అందరూ పాలిష్ బియ్యమే తింటున్నారు కదా, బెరిబెరి ఏదీ అనవచ్చు. పప్పు, చేప, గుడ్డు, కూరలు కంచంలోకి వచ్చాయి, అన్నం వాటా తగ్గింది. జబ్బు వెనక్కి తగ్గడానికి కారణం అదే. కానీ ఏళ్ళతరబడి తాగేవాళ్ళకు, ఆగని వాంతులున్న గర్భిణులకు, తల్లిపాలలోనే బి1 కొరవడిన పసికందులకు ముప్పు తొలగలేదు. అయోమయంగా వచ్చిన తాగుబోతుకు గ్లూకోజు ఎక్కించే ముందో, దానితోపాటో థయమిన్ ఇవ్వాలన్న ఆసుపత్రి నియమం ఆ పావురాల నాటి జ్ఞానమే. ఫిలిప్పీన్స్‌లోని బతాన్‌లో 1940ల చివర బియ్యానికి బి1 కలిపి పంచితే బెరిబెరి చావులు బాగా పడిపోయాయి. మన రేషన్ దుకాణాల కోసం 2021లో ప్రకటించిన బలవర్ధక బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలపడం తప్పనిసరి చేశారు. బి1 ఐచ్ఛికంగానే మిగిలింది. పచ్చిబియ్యమే ముఖ్యాహారమైన డెల్టా జిల్లాలకైనా దాన్ని తప్పనిసరి జాబితాలో చేర్చాలి.